మూతల చప్పుడు

పోయిన వారం సీసాలమ్మను వంటింటి అల్మరా ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్న అక్కగారికి పది రోజులు చాకిరీ చేసి, ఆ మధ్యాహ్నమే ఇల్లు చేరింది. సంచీ కుర్చీలో పడేసి, మొహం కడుక్కుని, సాయంత్రానికి వేడివేడిగా ఏదైనా చేసుకుందామని అల్మరా తలుపు తీసింది. వెళ్లేముందు కుక్కర్లో పెట్టి వెళ్లిన పన్నెండు సాస్ సీసాల్లో అక్కడ ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాని మూత నడిమధ్యన బొబ్బలా ఉబ్బి ఉంది.

మిగిలిన పదకొండూ లేవు. కథ అక్కడ ఆగింది.

ఆవిడకి సీసాలమ్మ అని పేరు పెట్టింది ఆ అయిదంతస్తుల బిల్డింగు వాళ్లే. అసలు పేరు అద్దె కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. ఎవరింట్లో ఎవరికి మనసు బాగోలేకపోయినా ఆవిడ వంటింట్లోంచి ఒక సీసా మెట్లు దిగేది. ఉద్యోగం పోయినవాడికి మిరియాల సాస్, ఉడికించి మెదిపిన బంగాళాదుంపల మీద పోసుకోమని. పరీక్ష తప్పిన పిల్లకి కాల్చిన ఎర్ర క్యాప్సికం సాస్, గుడ్డట్టుతో. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్లకి నిమ్మకాయా వెల్లుల్లీ వేసిన పల్చటి సాస్, మెత్తటి అన్నంలోకి. ఇక టమాటాలూ పుట్టగొడుగులూ కలిపి నాలుగు గంటలు సన్నసెగ మీద ఉడికించే సాస్ ఉంది చూశారూ, అది ఫలానా కష్టానికని కాదు, అన్నిటికీ. నూడుల్స్ ఉడకబెట్టి దాన్ని కలుపుకుని గిన్నె ఒళ్లో పెట్టుకు తింటే, ఎంతటి మొండి ఏడుపైనా సగంలో ఆగిపోతుందని బిల్డింగులో అందరూ ఒప్పుకున్న మాట.

ఆ ఉబ్బిన సీసాలోనే కాదు, పన్నెండింటిలోనూ ఉన్నది అదే.

పుట్టగొడుగుల సాస్ చెడితే రంగు మారదు, వాసన రాదు, రుచి కూడా మామూలుగానే ఉంటుంది. ఒక్కోసారి మూత ఉబ్బుతుంది, ఒక్కోసారి ఆ దయ కూడా ఉండదు. తిన్నవాళ్లకి మాత్రం నరాలు పట్టు తప్పుతాయి. ముందు కళ్లు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. సీసాలమ్మకి పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే ఈ సంగతి చెప్పి భయపెట్టింది. తెరిచాక పది నిమిషాలు కుతకుతా మరిగిస్తే ఆ విషం విరుగుతుందని కూడా చెప్పింది. అందుకే ప్రతి సీసా మీదా 'బాగా మరిగించి తినండి' అని చీటీ అంటించి ఉంటుంది.

అంత జాగ్రత్త ఉన్న ఇంట్లో ఇలా ఎలా జరిగింది? అది అడగడానికే ఆవిడ ఆ సీసాని పాత తువ్వాలులో చుట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, రెండు వీధులవతల మొగుడి కొట్టుకి బయల్దేరింది.

మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. అందరూ మేస్త్రి అంటారు. ఆయన చెవి గురించి ఆ వీధుల్లో చెప్పుకోని వాళ్లు లేరు. మూసి ఉన్న గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ చక్రానికి ఏ పన్ను అరిగిందో చెప్పేవాడట. ఆ చెవి వల్లే సీసాల పనిలో ఆయనకొక పదవి దొరికింది. వేడి సీసాలు కుక్కర్లోంచి తీసి బల్ల మీద వరసగా పెడితే, చల్లారే కొద్దీ లోపలి గాలి ముడుచుకుని మూతల మధ్య భాగం లోపలికి గుంజుకుంటుంది. అప్పుడు 'టక్' మని చిన్న చప్పుడు. టక్కుమంటే మూత బిగిసినట్టు. ఊరుకుంటే బిగవనట్టు, ఆ సీసా ఆ పూటే మరిగించి తినెయ్యాలి. సీసాలు పెట్టిన రోజు ఆ ఇంట్లో గంటసేపు ఫ్యాను ఆపేస్తారు, రేడియో ఉండదు, తుమ్ము వచ్చినా ఆపుకోవాలి. మేస్త్రి మూతలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, కుర్చీ లాక్కుని, కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఒక్కో టక్కుకీ ఒక్కో వేలు ముడుస్తాడు. వాళ్ల కూతురు చిన్నప్పుడు బల్ల కింద దాక్కుని నాలుకతో టక్ టక్ మనిపించి తండ్రి లెక్క చెడగొట్టాలని చూసేది. "అది మూత కాదు, నా కూతురు" అనేవాడు కళ్లు తెరవకుండానే. ఒక్కసారి కూడా మోసపోలేదు.

మూత మీద వేలితో నొక్కి చూసినా తెలిసిపోతుంది. బిగిసినది కదలదు, బిగవనిది వేలి కింద లేచి పడుతుంది. కానీ మేస్త్రి ఉన్న ఇంట్లో మూత నొక్కి చూడటమంటే ఆయన్ని మొహం మీదే అనుమానించడం. పాతికేళ్లలో ఎవరూ నొక్కలేదు.

ఎవరూ నొక్కలేదని మేస్త్రి అనుకుంటున్నాడని, సీసాలమ్మ అనుకుంటోంది.

కొట్టు గుమ్మం ఎక్కేసరికి లోపల అలారం గడియారం ఒకటి గొంతు చించుకుంటోంది. మేస్త్రి దానికి జానెడు దూరంలో, కంటికి భూతద్దం బిగించుకుని, చేతి వాచీలో మరలు బిగిస్తున్నాడు, ప్రశాంతంగా. సీసాలమ్మ వెనకనుంచి చెయ్యి చాచి అలారం మీట నొక్కింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకి మొహం కనబడేలా ఎదురుగా నిలబడింది. రెండేళ్లుగా ఆవిడ ఎప్పుడు మాట్లాడాలన్నా ముందు చేసే పని అదే.

"వచ్చేశావా?" అన్నాడు మేస్త్రి, విప్పారిన మొహంతో. "మీ అక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"కూర్చుని అడుగు."

ఆవిడ కూర్చోలేదు. "నేను వెళ్లిన రోజు, సీసాలు కుక్కర్లోంచి మీరే తీశారు కదా. పన్నెండూ టక్కుమన్నాయా?"

"పన్నెండూ" అన్నాడు. ఆలోచించలేదు, తడుముకోలేదు. పాతికేళ్ల అలవాటు.

ఆవిడ తువ్వాలు విప్పి సీసాని బల్ల మీద పెట్టింది.

మేస్త్రి భూతద్దం తీసేశాడు. ఉబ్బిన మూత కేసి చూశాడు. మెల్లగా చూపుడువేలు ఆనించి నొక్కాడు. మూత లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. ఆ చప్పుడు సీసాలమ్మకి గోడ మీది గడియారాలన్నిటినీ దాటుకుని వినిపించింది. ఆయన వేలికి తెలిసింది, అంతే.

"మీకు వినిపించదు" అంది సీసాలమ్మ.

అనేసింది. రెండేళ్లు కడుపులో దాచుకున్న మాట, పోట్లాటలో కూడా నోరు జారని మాట, ఇంత పొడిగా బయటికి వస్తుందని ఆవిడే అనుకోలేదు.

మేస్త్రి వాచీని పక్కన పెట్టాడు. మరలు ఒక్కొక్కటిగా డబ్బీలో వేసి మూత పెట్టాడు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మీరు వాచీని చెవి మానేసి, అదురు తెలియడానికి దవడకి ఆనించుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి. కొట్టుకొచ్చేవాళ్లు అదేదో మీ స్టైలనుకుంటున్నారు. నేను అనుకోలేదు."

"చెప్పలేదేం మరి?"

"ఎలా చెప్పను? మీ చెవి గురించి మీ అక్కయ్య ఊరంతా మైకు పెట్టి చెబుతుంది. ఆ చెవి పోయిందని నేనెవరికి చెప్పను, మీకా?" ఆవిడ తువ్వాలుని మడతపెట్టసాగింది. "మీరు లెక్కపెట్టి పన్నెండని చెప్పి మొహం కడుక్కోవడానికి వెళ్లేవారు కదా. ఆ రెండు నిమిషాల్లో నేను మూతలన్నీ నొక్కి చూసేదాన్ని. ప్రతిసారీ. దొంగలా."

ఇది విని మొగుడు కుప్పకూలిపోతాడని ఆవిడ భయం. కూలిపోలేదు. పైగా ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. అది చూసి ఆశ్చర్యపోవడం ఈవిడ వంతయింది.

"నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి.

"ఏం తెలుసు?"

"నువ్వు నొక్కుతావని. మూతలు తుడిచేది నేనే కదా. మొహం కడుక్కుని వచ్చేసరికి ప్రతి మూత మీదా నడిమధ్యన వేలిముద్ర ఉండేది. చక్రంలో పడిన నలుసు పట్టుకునే కళ్లు నావి, నాకు కనబడదా?" ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. "ఇంకోటి కూడా తెలుసు. సీసాలు పెట్టిన రోజు సాయంత్రం, 'ఇవాళెందుకో సాస్ తినాలనిపిస్తోందండీ' అని నూడుల్స్ పడేసేదానివి. అలా వండావంటే ఒక సీసా బిగవలేదని, నా లెక్క తప్పిందని. రెండేళ్లలో మూడుసార్లు వండావు. మూడుసార్లూ నేను మారు వడ్డించుకుని తిన్నాను."

సీసాలమ్మ కుర్చీ లాక్కుంది. ఇప్పుడు కూర్చుంది. ఆ మూడు సాయంత్రాలూ ఆవిడకి గుర్తున్నాయి. ఎదురెదురుగా కూర్చుని, గిన్నెలు ఊడ్చి, వెల్లుల్లి ఇంకాస్త పడాల్సిందా అని తీరిగ్గా చర్చించుకున్నారు. మొగుణ్ణి ఎంత గుట్టుగా కాపాడుకొస్తున్నానని ఆవిడ లోలోపల మురిసిపోయేది. మురిసిపోతే మురిసిపోనిమ్మని ఆయన ఊరుకున్నాడన్నమాట.

"అంటే మీరు లెక్కపెట్టడమే లేదు" అంది మెల్లగా.

"పన్నెండు సీసాలుంటే పన్నెండు అనేవాణ్ణి. పది ఉంటే పది. ఎలాగూ నువ్వు నొక్కుతావు కదా అనే ధైర్యం."

"మరి ఈసారి? ఈసారి నేను లేనుగా. ఎవరు నొక్కుతారనుకున్నారు?"

ఇదీ అసలు ప్రశ్న. గోడ మీద ఒక గడియారం అయిదు కొట్టింది, దాని వెనకే ఇంకోటి. ఒకప్పుడు ఆ కొట్లో అన్నీ ఒకేసారి అయిదు కొట్టేవి.

"ఆ రోజు ఫ్యాను ఆపాను" అన్నాడు చివరికి. "మూతలు తుడిచాను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇంట్లో ఎవరూ లేకపోయినా. కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. అంతా దూది కుక్కినట్టు. చాలాసేపు కూర్చున్నాను. లేచి ఒక్కో మూతా నొక్కి చూస్తే అయిపోయేది, నాకు తెలియదనుకోకు. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. కానీ నొక్కితే ఇక నాకు నేనే ఒప్పుకున్నట్టు కదా. చెయ్యి రాలేదు. నువ్వు వచ్చాక నొక్కుతావులే అని అల్మరాలో పెట్టేశాను."

"పెట్టినవి ఎటుపోయాయి?"

"మర్నాడు అక్కయ్య వచ్చింది. అందరూ అడుగుతున్నారు, నేనే పంచేస్తానంది. 'అన్నీ టక్కుమన్నాయా తమ్ముడూ' అని అడిగింది. పక్కన మన బిల్డింగు డ్రైవరు ఉన్నాడు, టైలరు ఉన్నాడు." ఆయన తల దించుకున్నాడు. "పన్నెండూ అన్నాను."

ఆవిడకి అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఆయన అబద్ధం ఆడింది తన మీద భరోసాతో. ఆ భరోసా ఇచ్చింది తనే, ఒక్కో మూత మీదా వేలిముద్ర వేసి. నాలుగు మాటలు విడమరిచి మాట్లాడుకుని ఉంటే పోయేదానికి, ఇద్దరూ ఒకరినొకరు ముద్దుచేసుకుంటూ ఇంతదాకా తెచ్చారు. ఒళ్లు మండుతోంది, ఏడుపూ వస్తోంది, రెండిట్లో ఏదీ చెయ్యడానికి వ్యవధి లేదు.

"లేవండి" అంది. "కొట్టు మూసెయ్యండి. పదకొండు సీసాలు వెనక్కి తేవాలి."

మేస్త్రి అక్కగారు అదే బిల్డింగులో కింది వాటాలో ఉంటుంది. బస్టాండులో ముప్పై ఏళ్లు బస్సుల రాకపోకలు మైకులో చెప్పి రిటైరయింది. మైకు అక్కడే వదిలేసి వచ్చినా గొంతు మాత్రం వెంట తెచ్చుకుంది. లోకంలో మేస్త్రికి పూర్తిగా వినబడే మనిషి ఆవిడొక్కతే. అందుకే తమ్ముడి చెవికి ఏదో అయిందని ఎవరైనా అన్నా ఆవిడ నమ్మదు.

"చెవుడా?" అంది గుమ్మంలోనే, మూడో అంతస్తుకి వినబడేలా. "వాడికా? నేను పిలిస్తే వీధి చివరినుంచి పలుకుతాడమ్మా."

"వదినా, మీరు పిలిస్తే ఎవరైనా పలుకుతారు" అంది సీసాలమ్మ. "సీసాలు ఎవరెవరికి ఇచ్చారో ముందు చెప్పండి."

మేస్త్రి అక్కగారు తమ్ముడి మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనబడిందో గానీ, జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది. వేళ్ల మీద లెక్క చెప్పింది. డ్రైవరుకి మూడు, టైలరుకి రెండు, మేడమీది సంగీతం టీచరుకి రెండు, తనకి రెండు. మొత్తం తొమ్మిది.

"మిగతా రెండూ?"

"గరిటెకి. ఆదివారం దాని గదికి వెళ్లినప్పుడు ఇచ్చొచ్చాను. అమ్మ సాస్ అని సీసాని బుగ్గకి ఆనించుకుంది పిచ్చిది."

గరిటె అంటే వాళ్ల కూతురు. రెండేళ్ల వయసులో సాస్ గరిటె ఎత్తుకుని మంచం కిందికి దూరిందని తండ్రి పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ఇరవయ్యారేళ్లు. ఊరవతల బట్టల ఫ్యాక్టరీలో, కుట్టిన చొక్కాలు కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసే పని. ఫ్యాక్టరీ పక్కనే ఒంటిగది తీసుకుని ఉంటుంది, ఒక్కతే.

సీసాలమ్మ అక్కడే ఫోన్ చేసింది. స్విచాఫ్.

"పనిలో ఉంటే ఆపేస్తుందిలే" అంది వదినగారు. "ఆరింటికి వదులుతారు."

అయిదుంబావు. ఇంకా ముప్పావు గంట. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని సీసాలమ్మ మెట్లెక్కింది. వెనక మేస్త్రి, ఆయన వెనక ఖాళీ బుట్ట పట్టుకుని వదినగారు.

గుమ్మం గుమ్మానికీ వెళ్లి, మేం ఇచ్చింది వెనక్కి ఇవ్వండి అని అడగడం ఎంత తలవంపులో అడిగినవాళ్లకే తెలుస్తుంది. టైలరు రెండు సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా పక్కకి జరిగాడు. మేస్త్రి ముందుకొచ్చాడు. "నేను చూస్తాను" అన్నాడు. అందరి ముందూ, పెళ్లాం ముందూ, అక్కయ్య ముందూ, చూపుడువేలు మూత మీద పెట్టి నొక్కాడు. మొదటిది కదల్లేదు. రెండోదీ కదల్లేదు. టైలరు ఆయన వేలికేసీ మొహంకేసీ మార్చి మార్చి చూశాడు. "చెవి పోయిందయ్యా" అన్నాడు మేస్త్రి, వాతావరణం సంగతి చెప్పినట్టు. సీసాలమ్మ కళ్లు తిప్పుకుంది. పది రోజుల కిందట ఖాళీ ఇంట్లో రాని చెయ్యి, ఇప్పుడు ఇందరి ముందు ఎలా వచ్చిందో.

సంగీతం టీచరు సీసాల్లో ఒకటి బిగువు, రెండోది వేలి కింద లేచి పడింది. ఆ టీచరు పళ్లు కదిలి వారం నుంచి గంజి తాగుతోంది గనక సరిపోయింది. వదినగారివి రెండూ గట్టిగానే ఉన్నాయి. డ్రైవరింట్లో ఒకటి మిగిలింది, అదీ గట్టిదే. రెండు తినేశారు.

"తిన్నారా?" అంది సీసాలమ్మ. "ఎప్పుడు? ఎలా ఉన్నారు?"

"వారమైంది. మాకేం, గుండ్రాయిలా ఉన్నాం" అన్నాడు డ్రైవరు. "డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటిది నూడుల్స్‌లో కలిపి పెట్టింది. నాలుగు రోజులు వరసగా డబల్ డ్యూటీ చేసున్నాను, ఆ ఒక్క గిన్నెతో మనిషినయ్యాను. ఏమైందక్కా?"

"మరిగించావా?" అని డ్రైవరు భార్యని అడిగింది సీసాలమ్మ.

"మా ఆవిడా? మంచినీళ్లు కూడా అరగంట మరిగిస్తుంది" అన్నాడు డ్రైవరు. "ఆవిడ చేతిలో పడ్డాక ఏదీ బతకదు."

భార్య చేత్తో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. వదినగారు నవ్వింది. మేస్త్రి వాళ్ల పెదాలకేసి చూసి, సగం అర్థమై, తనూ నవ్వాడు.

సీసాలమ్మ నవ్వలేదు. మరిగించడం అనే మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది.

గరిటె మరిగించదు. పసితనం నుంచీ అంతే. ఏ స్నేహితురాలితోనో గొడవపడి వచ్చినా, మార్కులు తగ్గినా, ఆ పిల్ల తిన్నగా అల్మరా దగ్గరికి వెళ్లి, సీసా మూత తిప్పి, నిలబడి చెంచాతో చల్లటి సాస్ అలాగే తినేసేది. వేడి చేసుకోవే అంటే, అంతసేపు ఎవరాగుతారమ్మా అనేది. సీసాలమ్మ కోప్పడేదా? లేదు. వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది. మా అమ్మాయికి నా సాస్ వేడి కూడా చెయ్యక్కర్లేదండీ అని. ప్రతి సీసా మీదా చీటీ అంటించిన మనిషి, సొంత కూతురు ఆ చీటీ చదవకపోతే అందులో ప్రేమ చూసుకుంది.

మళ్లీ ఫోన్ చేసింది. స్విచాఫ్. ఆరు కూడా దాటింది. ఇంకోసారి చేసింది. స్విచాఫ్.

"గదికి వెళ్దాం" అన్నాడు మేస్త్రి. "బస్సులో గంట. డ్రైవరుని అడిగితే ఏదైనా బండి చూస్తాడు."

"ఆగండి, ఫ్యాక్టరీ నంబరుంది నా దగ్గర." సీసాలమ్మ నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. డ్రైవరు చెప్పులేసుకుని బండి కోసం కిందికి పరిగెత్తాడు. మెట్ల మీద మలుపు దగ్గర, సీసాలమ్మ పైమెట్టు మీద, మేస్త్రి రెండు మెట్లు కింద నిలబడ్డారు. వదినగారు బుట్ట పట్టుకుని గోడకి ఆనుకుంది. బుట్టలో సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి.

అవతల చాలాసేపటికి ఒకావిడ ఎత్తింది. మిషన్ల హోరులోంచి గట్టిగా మాట్లాడుతోంది. తను ఆ సెక్షన్ సూపర్‌వైజరునని చెప్పింది.

"మీ అమ్మాయా? ఇవాళ లేదమ్మా. మధ్యాహ్నం భోజనాల ముందే వెళ్లిపోయింది. మీకు చెప్పలేదా?"

"ఎందుకెళ్లింది? ఏమైంది?"

"అదే నాకూ అర్థం కాలేదు. పొద్దుట్నుంచీ చొక్కాలన్నీ పక్కన పడేస్తోంది. ఏంటమ్మా అని అడిగితే, ప్రతి కుట్టూ రెండుగా కనబడుతోందండీ అంది. ఒక్క దారం కూడా ఒకటిగా లేదంది. మాట కూడా కాస్త ముద్దముద్దగా ఉంది. కళ్లకి పని ఎక్కువైందనుకుని, ఇంటికెళ్లి పడుకో, రేపు కళ్లద్దాలకి చూపించుకో అన్నాను. రాత్రి ఏం తిన్నావని కూడా అడిగాను. వండుకునే ఓపిక లేక అమ్మ పంపిన సాస్ తిని పడుకున్నానంది. ఏమ్మా, వింటున్నారా?"

వింటోంది. ఒక్కో మాటా వింటోంది. చెవులు పనిచెయ్యకపోతే ఎంత బాగుండేదో అన్నంత స్పష్టంగా వింటోంది. ముందు కళ్లు, తర్వాత గొంతు. అవతల సూపర్‌వైజరు ఇంకా ఏదో చెబుతోంది. కింద వీధిలోంచి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సీసాలమ్మకి ఆ బండి దగ్గరికి దిగాలని తెలుసు, ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలని తెలుసు, ఆ ఒంటిగది పక్కవాళ్ల తలుపు కొట్టించాలని తెలుసు. ఏదీ చెయ్యలేకపోయింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది, రెండో చెయ్యి తనంతట తనే లేచి నోటికి అడ్డం వచ్చింది. ఆ చేతి వెనక ఆవిడ చెబుతూనే ఉంది, మళ్లీ మళ్లీ అదే మాట, పిల్ల మరిగించలేదని.

అది విన్న వదినగారి చేతిలోంచి బుట్ట జారి మెట్ల మీద పడింది. సీసాలు భళ్లున పగిలి, సాస్ ఒక్కో మెట్టూ దిగసాగింది.

మేస్త్రి అటు తిరగలేదు. రెండు మెట్లు కింద, తల పైకెత్తి, భార్య మొహాన్నే చూస్తున్నాడు, భూతద్దం లోంచి వాచీని చూసినట్టు.

"ఏమంటున్నావు?" అన్నాడు. "నోటి మీద చెయ్యి తియ్యి. నాకేం అర్థం కావట్లేదు."